చేవను తినే గొడుగు

"హైటెక్ సిటీలో మేడలు పుట్టగొడుగుల్లా లేచాయి" అనని వాళ్ళు మన ఊళ్ళో ఉన్నారంటారా? పత్రికల వాళ్ళు రాశారు, ఆటో అబ్బాయిలు అన్నారు, ఏళ్ళ తరబడి అమెరికాలో ఉండి వచ్చిన చుట్టాలు కారు కిటికీలోంచి తొంగిచూసి మరీ అన్నారు. మాదాపూర్ అంటే ఒకప్పుడు ఊరి బయటి ఊరు. రాతి గుట్టలు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య చెరువులు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు వచ్చి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ... చూస్తూ చూస్తూ ఉండగానే ఆకాశం కనబడని వీధులైపోయాయి.

మేడల సంగతి సరే. నాకు పట్టుకున్నది పుట్టగొడుగుల సంగతి. పాపం, వాటికి మనం అన్యాయం చేస్తున్నామేమో! రాత్రికి రాత్రే లేచేది గొడుగు ఒక్కటే. ఆ గొడుగు వెనక ఉన్న అసలు ప్రాణి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి కంటికి కనబడకుండా పని చేసుకుంటూ ఉంటుంది. వెంట్రుకకన్నా సన్నని దారాలుగా మట్టిలోనో, మోడులోనో, బతికున్న చెట్టులోనో అల్లుకుపోతుంది. మామిడిచెట్టుకి కాయ ఎలాంటిదో దానికి గొడుగు అలాంటిది. కాయని చూసి చెట్టు నిన్న రాత్రే పుట్టిందని మనం అనుకోంగా!

పుట్టగొడుగు అన్న మాటలోనే మన పూర్వులు ఒక సంగతి దాచిపెట్టారు. పుట్ట మీద లేచే గొడుగు. పుట్టలు కట్టే చెదల్లో కొన్ని జాతులు తాము తెచ్చిన కట్టెని తామే పూర్తిగా అరిగించుకోలేవు. అందుకని పుట్ట లోపల శిలీంధ్రాన్ని తోటలా పెంచుతాయి. నమిలిన కట్టె ఆ తోటకి ఎరువు. శిలీంధ్రం దాన్ని మెత్తబరిస్తే చెదలు తింటాయి. వానలు పడగానే ఆ తోట నుంచి గొడుగులు పుట్టని చీల్చుకుని బయటికి వస్తాయి. పల్లెల్లో ఆడవాళ్ళు తెల్లవారుజామునే వెళ్ళి ఏరుకొచ్చి కూర వండేది వీటినే. ఏ మైక్రోస్కోపూ లేని రోజుల్లోనే పుట్టకీ గొడుగుకీ ఉన్న చుట్టరికాన్ని మన భాష కనిపెట్టేసింది. తినకూడనివాటికి కుక్కగొడుగులని వేరే పేరు కూడా పెట్టేసింది.

ఇక చెట్టుని తినే గొడుగుల చరిత్రకి వద్దాం.

వంద, నూట యాభై యేళ్ళ కిందటి దాకా ఐరోపాలో మహా మహా పండితులు కూడా ఒక మాట నమ్మేవారు. చెట్టు తనంతట తానే కుళ్ళుతుంది, ఆ కుళ్ళులోంచి శిలీంధ్రం పుడుతుంది అని. అంటే దొంగని పట్టుకుని, దొంగతనం జరిగాక పరామర్శకి వచ్చిన చుట్టం అనుకున్నారన్నమాట. జర్మనీలో రాబర్ట్ హార్టిగ్ అనే అటవీశాస్త్రజ్ఞుడు ఈ లెక్క తిరగేశాడు. కుళ్ళిన చెక్కలో కనబడే దారాలూ, చెట్టు పైన అరలా పొడుచుకొచ్చే గొడుగూ ఒకే ప్రాణివని, కుళ్ళుకి కారణం అదేనని ఆయన చూపించాడు. 1874లో ఒక పుస్తకం, 1878లో మరో పుస్తకం రాశాడు. చెట్ల జబ్బుల శాస్త్రానికి పునాది రాళ్ళు అవే.

ఆ దారాలు లోపల చేసే పని ఏమిటి? కలపలో ముఖ్యంగా రెండు సరుకులున్నాయి. ఒకటి సెల్యులోజు. అది పీచు, కాగితానికి ముడిసరుకు. రెండోది లిగ్నిను. అది పీచుల మధ్య గార. ఇటుకా సున్నమూ కలిసి గోడ నిలబడ్డట్టు ఈ రెండూ కలిసి చెట్టు నిలబడుతుంది. కొన్ని శిలీంధ్రాలు పీచుని తినేసి గారని వదిలేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకి తిరిగి, ఎండిన బెల్లపు అచ్చులా చదరాలు చదరాలుగా విరిగి పొడవుతుంది. మరికొన్ని గారని కూడా అరిగించుకుంటాయి. అప్పుడు చెక్క తెల్లగా, తడి కొబ్బరి పీచులా మిగులుతుంది. లిగ్నినుని అరిగించుకోవడం ఆషామాషీ పని కాదు. ఆ పని చేసే ఎంజైముని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1983లోనే.

తెల్లకుళ్ళు తెచ్చే ఈ వర్గంలోదే మనం బజారులో కొని తెచ్చుకునే ముత్యపుచిప్ప పుట్టగొడుగు. వరిగడ్డి ముక్కలు ఉడకబెట్టి, సంచుల్లో కూరి, చీకటి గదిలో వేలాడదీసి ఎంతోమంది ఆడవాళ్ళు వాటిని పెంచుతున్నారు. అడవిలో మోడుని తినే విద్యే ఇంట్లో గడ్డిని కూరగా మారుస్తోంది. వీటిని మొత్తంగా చెడ్డవాళ్ళ జాబితాలో వేయడానికి నాకు మనసొప్పదు. ఇవే లేకపోతే రాలిన కొమ్మా, పడిన మానూ ఎక్కడివక్కడే పేరుకుపోయి, అడవులు తమ కట్టెల కిందే తాము సమాధి అయిపోయేవి.

మరి బతికున్న చెట్టులోకి ఇవి ఎలా దూరతాయి? ఎక్కువగా గాయం దారినే. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బెరడు చెట్టుకి జాడీ మీద వాసెన గుడ్డ లాంటిది. కొమ్మ విరిగినా, గొడ్డలి తగిలినా, వేరు తెగినా ఆ వాసెన చిరిగినట్టే. గాలిలో తేలుతూ వచ్చిన శిలీంధ్ర బీజాలు అక్కడ వాలతాయి.

అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. రంపం పట్టుకుని వేల చెట్లని నిలువునా అడ్డంగా కోసి చూశాడు. 1977లో ఆయన వెలువరించిన సిద్ధాంతం ఇదీ: మన చర్మం గాయాన్ని మాన్పుకున్నట్టు చెట్టు మాన్పుకోలేదు. చెడిన భాగం చుట్టూ గోడలు కడుతుంది. పాడైన గదికి తాళం వేసి, ఆ చుట్టూ కొత్త గదులు వేసుకుంటూ సంసారం సాగిస్తుంది. ఈ సంగతి తెలిశాక పాత వైద్యాలు చాలా మూలపడ్డాయి. తొర్రలో సిమెంటు కూరడం, నరికినచోట తారు పూయడం కుళ్ళుని ఆపవని తేలింది. కొమ్మని మాను చర్మంతో సహా చెక్కేయకుండా, మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడ దగ్గర కోస్తే చెట్టు తన గోడ తాను కట్టుకుంటుంది.

అందుకే తొర్ర ఉన్న చెట్టు చచ్చిన చెట్టు కాదు. మాను నడుమ ఉండే చేవ ఎప్పుడో ప్రాణం పోయిన కట్టె. నీళ్ళు పైకి వెళ్ళేది బయటి పొరల్లోంచి. చేవని శిలీంధ్రం తిన్నా చెట్టు చిగురిస్తూనే ఉంటుంది, పూస్తూనే ఉంటుంది. రామచిలుకలూ గుడ్లగూబలూ కాపురం పెట్టేది ఆ తొర్రల్లోనే. మనుషుల్లో చేవ లేనివాడంటే తీసిపారేస్తాం గాని, చెట్లలో చేవ పోయీ వందేళ్ళు నిలిచినవి ఉన్నాయి.

మన ఊరి పాత చెట్లనే చూడండి. గోల్కొండ నయాఖిల్లాలో ఏనుగంత మాను ఉన్న బావోబాబ్ ఉంది. హాథియాన్ కా ఝాడ్ అంటారు. ఆఫ్రికా నుంచి కుతుబ్‌షాహీల కాలంలో వచ్చిందంటారు, వయసు నాలుగు వందల యేళ్ళ పైమాటే అని చెబుతారు. దాని కడుపులో నలభైమంది దొంగలు దాక్కునేవాళ్ళని కథలున్నాయి. ఆ బోలుకి శిలీంధ్రాన్ని నిందించేముందు ఒక మాట. బావోబాబ్‌లలో చాలా బోలు మానులు కుళ్ళి ఏర్పడినవి కావనీ, అనేక కాండాలు వలయంగా పెరిగి కలిసిపోగా మధ్యలో మిగిలిన ఖాళీలనీ ఇటీవలి పరిశోధకులు అంటున్నారు. చూసిన ప్రతి బోలూ జబ్బు కాదు సుమా!

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగేసినప్పుడు, ఆ చెట్టెక్కి సుమారు నూటయాభైమంది బతికారని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఏటా ఆ రోజున అక్కడ చేరి ఆ చెట్టుకి నమస్కరించేవాళ్ళున్నారు. నూటయాభైమంది బరువునీ ఆ ప్రవాహాన్నీ ఓర్చుకుందంటే దానికి కారణం కొమ్మలొక్కటే కాదు. భూమిలోపల పట్టు.

ఆ పట్టు గురించే నా బెంగ అంతా. నడుము బోలైతే చెట్టు తట్టుకుంటుంది. వేరు బోలైతే తట్టుకోలేదు.

గానోడెర్మా అనే శిలీంధ్రం ఉంది. చెట్టు మొదట్లో, నేలకి జానెడు ఎత్తులో, దిబ్బరొట్టె ముక్కని అతికించినట్టు కనబడుతుంది. పైన ఇటుకరంగులో వార్నిషు పూసినట్టు మెరుస్తుంది. అడుగున తెల్లగా ఉంటుంది. ముచ్చటేసి మేజా మీద పెట్టుకుందామనిపించేంత అందం. అది కనబడిందంటే లోపల వేళ్ళూ మొదలూ ఎప్పటినుంచో తింటోందన్నమాట. కోనసీమ కొబ్బరి రైతుని అడగండి, దీని పేరు చెబితే ముఖం మాడిపోతుంది. తమిళనాడులో 1952 తుపాను తర్వాత తంజావూరు తోటల్లో కొబ్బరిని పట్టుకున్న ఈ తెగులుకి తంజావూరు తెగులని పేరే పడిపోయింది. మన కోస్తా తోటల్లోనూ కాపురం పెట్టింది. మొదట్లోంచి ఎర్రని బంక కారుతుంది, ఆకులు వాడి వేలాడతాయి. గొడుగు బయటపడేది ఆఖర్న. అంబాజీపేట పరిశోధనా కేంద్రం వాళ్ళు వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మంచి శిలీంధ్రాన్ని కలిపి మొదట్లో వేయమని, జబ్బు చెట్టు చుట్టూ కందకం తవ్వి పక్క చెట్లకి పాకకుండా చూడమని చెబుతారు. ముల్లుని ముల్లుతోనే తీయడం అన్నమాట.

ఇదే గానోడెర్మా నగరాల్లో ఎర్రతురాయినీ పచ్చతురాయినీ కూడా పట్టుకుంటుంది. ఈ రెండూ మన ఐటీ రోడ్ల పక్కన ఎక్కడ చూసినా కనబడతాయి. తొందరగా ఎదుగుతాయి, తొందరగా నీడనిస్తాయి, పూస్తే కళ్ళు చెదురుతాయి. కాని మెత్తని కలప. పైగా కింద ఉన్నది కోట్లాది సంవత్సరాల నాటి నల్లరాయి, దాని మీద పల్చని మట్టి. వేరు లోతుకి దిగలేక పక్కకి పాకుతుంది. ఆ పక్కనే మనం కేబులు కోసం ఒక కందకం, మంచినీళ్ళ గొట్టానికి ఒక కందకం, కాలిబాట కోసం ఇంకొకటి తవ్వుతాం. తవ్విన ప్రతిసారీ వేళ్ళు తెగుతాయి. తర్వాత మాను మెడ దాకా సిమెంటు పలకలు పరిచేస్తాం. గాయమూ మనమే చేసి, గాలీ నీరూ కూడా మనమే ఆపేశాక, వేసవి చివర్లో మొదటి గాలివానకి పచ్చని చెట్టు కారు మీద పడితే "అయ్యో, నిన్నటిదాకా బాగానే ఉందే!" అంటాం. పైన పటారం, లోన లొటారం అని సామెత చెప్పినవాళ్ళు ఈ చెట్లని చూసి చెప్పారేమో అనిపిస్తుంది.

కొండాపూర్ దగ్గర మా కాలనీలో ఇదే తగువు వచ్చింది. గేటు లోపల ఒక వేపచెట్టు, దానికి మనిషి చెయ్యి దూరేంత తొర్ర, ఆ తొర్రలో చిలకలు. గేటు బయట ఒక పచ్చతురాయి, దాని కింద పొద్దున్నే పిల్లలు బడి బస్సు కోసం నిలబడతారు. సంఘం మీటింగులో వేపని కొట్టించేయాలన్నారు.

"లోపలంతా బోలేనండీ వదినగారూ! ఎప్పుడు ఎవరి మీద పడుతుందో!" అంది పక్క ఫ్లాటావిడ.

తురాయి మాట ఎవరూ ఎత్తలేదు. దానికేం, నిండా పూసి ఉంది కదా! అటవీశాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరిని పిలిచి చూపించాం. ఆయన చెక్క సుత్తితో వేప మాను చుట్టూ తట్టి విన్నారు. "వెదురు బోలు కాదుటమ్మా? చుట్టూ గట్టి చెక్క సరిపడా ఉంది. బరువైన ఆ ఒక్క కొమ్మ తీయించండి, చాలు" అన్నారు. తురాయి దగ్గరికి వచ్చి సుత్తి తీయనే లేదు. చెప్పుతో మొదట్లోని చెత్త పక్కకి తోశారు. ఇటుకరంగు దిబ్బరొట్టెలు మూడు, వరసగా. కిందటేడు కేబులు కందకం పోయిన వైపునే. "పిల్లల్ని ఇవాళ్టినుంచే ఇక్కడ నిలబెట్టకండి" అన్నారు.

అనుమతి తెచ్చుకుని ఆ తురాయిని తీయించాం. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. మొదలు పెకలించినప్పుడు కాలనీ అంతా చుట్టూ నిలబడి చూసింది. బొటనవేలంత వేరు ఒక్కటైనా గట్టిగా లేదు. పట్టుకుంటే నానిన కొబ్బరి పీచులా చేతిలోకి వచ్చేసింది. పక్క ఫ్లాటావిడ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం వేపచెట్టు కింద చిలకలకి గింజలు వేస్తూ కనిపించింది.

ఇలా తట్టి చూసే మనిషి ప్రతి వీధికీ ఒకరుంటే ఎన్ని చెట్లు బతుకుతాయి! ఎంతమంది మనుషులు కూడా!

పెద్ద చెట్ల విషయంలో ఈ తెలివి మనకి కొంత వచ్చింది. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో ఉన్న మహావటవృక్షం కథ వినండి. 1864లో, 1867లో వచ్చిన తుపానులకి దాని మాను గాయపడింది. ఆ గాయాల్లోంచి శిలీంధ్రం దూరింది. యాభై యేళ్ళ పైన పోరాడి, చివరికి 1925లో తల్లి మానుని కోసి తీసేయాల్సి వచ్చింది. అయినా చెట్టు చావలేదు. వేలాది ఊడలు స్తంభాలై నిలబడ్డాయి. తల్లి పోయిన ఇంట్లో పిల్లలందరూ కలిసి కప్పు మోస్తున్నట్టు ఆ మర్రి ఇవాళ్టికీ నిలిచే ఉంది.

మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పేరులోనే ఆ రహస్యం ఉంది. సుమారు ఏడు వందల యేళ్ళదని చెప్పే ఆ చెట్టుకి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది. చెదలు లోపల్నుంచి తినేశాయి. సందర్శకుల్ని ఆపేశారు. 2018లో ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైను సీసాల్లో మందు కలిపి, చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకి ఊతాలు కట్టారు. ఆ ఫొటోలు చూసి దేశమంతా ముక్కున వేలేసుకుంది. చెట్టు మాత్రం కోలుకుంది, మళ్ళీ జనం వెళ్ళి చూస్తున్నారు.

అదే మనం, ఐటీ రోడ్లు దాటి అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా వెళ్ళే చేవెళ్ళ రోడ్డు మీద తొమ్మిది వందలకి పైగా మర్రిచెట్లని ఏం చేయాలో ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోయాం. చెట్లు కావాలన్నవాళ్ళు హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. ఆ ఇరుకు రోడ్డు ప్రాణాలు తీస్తోందన్నదీ నిజమే. 2025 నవంబరు 3న అక్కడ బస్సూ టిప్పరూ ఢీకొని 19 మంది పోయారు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ ముందు నిలబడి చెట్ల గొప్ప చెప్పే ధైర్యం నాకు లేదు. కాని వాటిని పెకలించి వేరేచోట నాటేస్తే సరిపోతుందన్న మాట వినబడినప్పుడల్లా ఒక్కటి గుర్తు చేసుకోవాలి. నాటడానికి ముందు కొమ్మలన్నీ నరకాలి, వేళ్ళు చాలా భాగం కోయాలి. ప్రతి కోతా ఒక తెరిచిన తలుపు. ఎంత శ్రద్ధగా చూసుకుంటే అంతే బతుకుతుంది. లారీ ఎక్కించి దించిన రోజుతో మన పని అయిపోదు.

శిలీంధ్రం పగబట్టి రాదు. తలుపు తెరిచి ఉంటేనే లోపలికి వస్తుంది. తలుపు తెరిచేది చాలాసార్లు మనమే. చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు దాకా సిమెంటు తీసేయమని హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ వాళ్ళకి చెప్పింది. మీటరంటే మన చీర కుచ్చెళ్ళకి పట్టేంత గుడ్డ. అంత మట్టి మన వీధి చెట్టుకి మిగల్చలేమా? మీ ఇంటి ముందు చెట్టు మొదలు ఒకసారి వంగి చూడండి. సిమెంటు ఉంటే సంఘం వాళ్ళని అడిగి తీయించండి. కందకం తవ్వేవాళ్ళు వస్తే, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, వేళ్ళు తెంచకుండా కొంచెం అవతలగా తవ్వమని అడగండి. దిబ్బరొట్టె కనబడితే దాన్ని పీకి పారేసి ఊరుకోకండి, తెలిసినవాళ్ళని పిలవండి. ఉత్త తొర్ర మాత్రమే కనబడితే, గొడ్డలివాణ్ణి పిలిచేముందు లోపల ఎవరు కాపురం ఉన్నారో తొంగిచూడండి.